పది కోట్ల చిల్లరకు పేరేం పెట్టాలి?

రావులపాలెం సెంటర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా బల్ల మీద ఒక చిన్న సౌండ్ బాక్సు కనిపిస్తుంది. ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు పంపగానే అది పది రూపాయలు వచ్చాయని తెలుగులో గట్టిగా చెబుతుంది. టీ కాసేవాడు తల తిప్పడు. ఒక చేత్తో పాలు పొంగకుండా చూసుకుంటూ, ఇంకో చేత్తో గ్లాసులు కడుగుతూ, ఎవరి డబ్బు పడిందో చెవితోనే లెక్క పెట్టుకుంటాడు. ఇప్పుడు ఆ టీ ఖరీదును బిట్‌కాయిన్‌లో చెప్పాల్సి వచ్చిందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలు అనుకుంటే, పది రూపాయల టీ 0.000001 బిట్‌కాయిన్ అవుతుంది. అప్పుడు పెట్టె "సున్నా పాయింట్ సున్నా సున్నా సున్నా సున్నా సున్నా ఒకటి" అనాలి. మధ్యలో బస్సు హారన్ కొట్టి ఒక సున్నా వినబడకపోతే టీ వంద రూపాయలైపోతుంది.

డిజిటల్ కరెన్సీల్లో చిన్న మొత్తాలకు రోజువారీ పేర్లు ఎందుకు కావాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. పేరు అంటే అలంకారం కాదు, చెవిన పడగానే అర్థమయ్యే లెక్క. బిట్‌కాయిన్ విషయంలో ఈ చర్చ పదిహేనేళ్లుగా నడుస్తోంది, ఇంకా తేలలేదు. తెలుగువాళ్లకు, అందులోనూ గోదావరి డెల్టా వాళ్లకు ఈ గొడవ కొత్తేమీ కాదు. అణాలు పోయి పైసలు రావడం, మానికలు పోయి కిలోలు రావడం, ఎకరాలు సెంట్లుగా, సెంట్లు గజాలుగా విడిపోవడం అన్నీ ఇక్కడ జరిగినవే.

ముందు అసలు లెక్క చూద్దాం. ఒక బిట్‌కాయిన్‌ను పది కోట్ల భాగాలు చేయొచ్చు. అందులో ఒక భాగం పేరు సటోషీ. 2008 అక్టోబరు 31న బిట్‌కాయిన్ పత్రాన్ని విడుదల చేసిన సటోషీ నకమోటో పేరే దానికి పెట్టారు. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో ఈనాటికీ బయటపడలేదు. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బిట్‌కాయిన్ ప్రోగ్రాం లోపల దశాంశాలే ఉండవు. అది లెక్క రాసుకునేది సటోషీల్లోనే, అదీ పూర్ణ సంఖ్యల్లో. బిట్‌కాయిన్ అనేది పైకి చూపించేటప్పుడు పది కోట్లతో భాగించి పెట్టే పెద్ద పేరు మాత్రమే. ఇంట్లో లెక్కంతా పైసల్లో రాసుకుని, ఎవరైనా అడిగితే రూపాయల్లో చెప్పడం లాంటిది.

మొదట్లో ఆ పెద్ద పేరే సరిపోయింది. 2010 మే 22న అమెరికాలో లాస్లో హన్యెజ్ అనే ప్రోగ్రామర్ రెండు పిజ్జాలకు పదివేల బిట్‌కాయిన్లు ఇచ్చాడు. ఆ రోజుల్లో ఒక బిట్‌కాయిన్ అంటే చిల్లర కన్నా చిల్లర, దాన్ని ముక్కలు చేసి పేర్లు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అయినా సటోషీ నకమోటో అదే ఏడాది ఫిబ్రవరిలోనే ఈ సంగతి ఊహించాడు. ముందు ముందు మరీ చిన్న అంకెలతో వేగడం విసుగనిపిస్తే దశాంశ బిందువును కుడికి జరిపి చూపించుకుంటే సరిపోతుందని, డబ్బు అదే ఉంటుంది, చుక్క పెట్టే చోటు మాత్రమే మారుతుందని రాశాడు. సాంకేతికంగా అంతే. కానీ చుక్క జరిపాక వచ్చేదాన్ని ఏమని పిలవాలో ఆయన తేల్చలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

ధర పెరుగుతున్న కొద్దీ ప్రతిపాదనలు వచ్చాయి. బిట్‌కాయిన్‌లో వెయ్యో వంతును మిల్లీబిట్ అందామన్నారు. పది లక్షలో వంతును, అంటే వంద సటోషీలను, బిట్ అందామన్నారు. 2014లో బిట్‌పే, కాయిన్‌బేస్ లాంటి బిట్‌కాయిన్ లావాదేవీల సంస్థలు తమ తెరల మీద బిట్లను చూపించాయి కూడా. 2017 డిసెంబరులో జిమ్మీ సాంగ్ అనే డెవలపర్ బిట్ వాడకాన్ని బీఐపీ 176 అనే లాంఛనమైన ప్రతిపాదనగా రాశాడు. ఒక బిట్‌కు వంద సటోషీలు కాబట్టి బిట్ రాసి, చుక్క పెట్టి, రెండు అంకెలు వేస్తే మొత్తం ఇమిడిపోతుంది. ప్రపంచంలో లెక్కల సాఫ్ట్‌వేర్లు, బిల్లింగ్ మిషన్లు చాలావరకు చుక్క తర్వాత రెండు స్థానాలకే అలవాటు పడ్డాయి. ఇది చాలా గట్టి వాదన. అయినా బిట్ నిలబడలేదు. జనం సటోషీని కుదించి 'శాట్' అని పలకడం మొదలుపెట్టారు, అదే నిలిచింది. 2025లో జాన్ కార్వాలో అనే ఆయన బీఐపీ 177 పేరుతో ఇంకో అడుగు ముందుకు వేశాడు. సటోషీ, బిట్ ఏవీ వద్దు, ఆ అతి చిన్న భాగాన్నే 'బిట్‌కాయిన్' అని పిలుద్దామన్నాడు. అంటే ఇవాళ్టి ఒక బిట్‌కాయిన్ రేపు పది కోట్ల బిట్‌కాయిన్లు అవుతుంది.

వీటిలో ఏది తెలుగు నోట నిలుస్తుందో తేల్చుకోవాలంటే, ఇక్కడ నిలిచిన కొలతలు ఎందుకు నిలిచాయో, పోయినవి ఎందుకు పోయాయో చూడాలి.

'డబ్బు' అన్న మాటతోనే మొదలుపెట్టవచ్చు. ఈ మాట ఒకప్పుడు ఒక నాణెం పేరు. రాజమండ్రి, ఏలూరు సర్కార్లు ఉన్న ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో, 1797లో ఇంగ్లండులోని సోహో టంకశాలలో రాగి నాణేలు కొట్టించింది. రూపాయికి 48 అని వాటి మీద ఇంగ్లిషులో ముద్రించి ఉంటుంది. ఆ డబ్బు ఎప్పుడో పోయింది. పేరు మాత్రం పెరిగి పెరిగి మొత్తం ధనానికే పేరైంది. ఇది సహజంగా జరిగే పని: చేతిలో ఎప్పుడూ ఆడే చిన్న నాణెం పేరు మెల్లగా మొత్తానికి పేరవుతుంది. బీఐపీ 177 దీన్ని తలకిందులుగా చేయమంటోంది, మొత్తం పేరును తెచ్చి చిల్లరకు పెట్టమంటోంది. భాష అటువైపు నడవడం చాలా అరుదు.

ఇక అణాలు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు, కానికి మూడు దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పన్నెండణాలు ముప్పావలా. దమ్మిడీ ఒక్కటి మినహా అంతా రెండుతో, నాలుగుతో భాగించుకుంటూ పోయే లెక్క. ధాన్యం కొలతలూ అంతే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కాగితం కలం లేని మనిషికి సగం చేయడం, సగంలో సగం చేయడం చాలా సులువు. పదితో భాగించడం బడికి వెళ్లిన వాళ్ల సులువు. 1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు వచ్చినప్పుడు పావలా సరిగ్గా 25 పైసలకు సరిపోయింది, అర్ధరూపాయి 50కి సరిపోయింది. అణా మాత్రం ఆరుంబావు పైసలైంది. మార్పిడి పట్టికలో అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది అని సర్దారు. పావలా బతకడానికి, బేడ చచ్చిపోవడానికి ఈ సర్దుబాటే ఒక కారణం అనుకోవచ్చు. కొత్త లెక్కలో గుండ్రంగా కూర్చున్న పేరే నిలిచింది.

పావలా ఎంత గట్టిదంటే నాణెం పోయినా మాట పోలేదు. 25 పైసల నాణెం చెలామణి 2011 జూన్ 30తో ఆగిపోయింది. అయినా డెల్టాలో వడ్డీ లెక్క ఇప్పటికీ అందులోనే చెప్పుకుంటారు. 'పావలా వడ్డీ' అంటే వందకు నెలకు పావలా, ఏడాదికి మూడు శాతం. 'రూపాయి వడ్డీ' అంటే పన్నెండు శాతం, 'రెండు రూపాయల వడ్డీ' అంటే ఇరవై నాలుగు. బ్యాంకు మేనేజరు శాతాల్లో చెబితే రైతు దాన్ని మనసులో పన్నెండుతో భాగించి రూపాయిల్లోకి మార్చుకుంటాడు. నోటికి అలవాటైన కొలతను ఏ రూలూ ఒక్క రోజులో తీసేయలేదు. పదహారణాల తెలుగుదనం అన్న మాట అణాను ఎప్పుడూ చూడని పిల్లలు కూడా అంటున్నారు కదా.

అలాగని ఒకే కొలత అన్నిటికీ పనికొస్తుందనుకుంటే పొరపాటు. డెల్టాలో వరి లెక్క చూడండి. ప్రభుత్వం మద్దతు ధరను క్వింటాకు ప్రకటిస్తుంది. 2025-26లో సాధారణ రకానికి 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. కల్లంలో ఎవరూ క్వింటాలో మాట్లాడరు. అక్కడ 75 కిలోల బస్తాయే లెక్క, కాబట్టి అదే ధర బస్తాకు దాదాపు 1,777 అవుతుంది. కౌలు కూడా ఎకరానికి ఇన్ని బస్తాలనే మాట్లాడుకుంటారు. మిల్లు దగ్గర కిలోల తేమ, తరుగు లెక్క వస్తుంది. ఒకే ధాన్యానికి మూడు చోట్ల మూడు కొలతలున్నా ఎవరూ తికమక పడరు. నాలుగు బస్తాలు అంటే మూడు క్వింటాళ్లు అన్న నిష్పత్తి అందరికీ కంఠతా వచ్చు కాబట్టి. బంగారంలోనూ ఇంతే. షాపు బోర్డు మీద గ్రాము ధర రాస్తారు, పెళ్లి మాటల్లో మాత్రం కాసుల్లోనే అడుగుతారు, కాసంటే ఎనిమిది గ్రాములు. నిష్పత్తి మారకుండా ఉంటే పేర్లు నాలుగున్నా ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, పేరు అదే ఉండి లోపలి కొలత మారినప్పుడు. 2018 వరకు యూరియా బస్తా అంటే 50 కిలోలు. ఆ ఏడాది 45 కిలోలు చేశారు. ఎకరానికి ఇన్ని బస్తాలు అని తాతల కాలం నుంచి చల్లుకొస్తున్న రైతు తన అలవాటునే సరిదిద్దుకోవాల్సి వచ్చింది. బియ్యం బస్తాదీ ఇలాంటి కథే. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ మీద ఐదు శాతం జీఎస్టీ వేయగానే మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు వచ్చేశాయి. పిలుపులో అదే బస్తా, తూకంలో కిలో తేడా. 'బస్తా ఎంత?' అని అడిగేవాడు ఇప్పుడు 'ఎన్ని కిలోల బస్తా?' అని కూడా అడగాలి.

ఈ దృష్టితో చూస్తే 1957 నాటి ప్రభుత్వం తెలివిగా వ్యవహరించిందనే చెప్పాలి. అంతకు ముందు కూడా పైసా అనే మాట ఉంది, కానీ అది రూపాయిలో 64వ వంతు. కొత్తది వందో వంతు. తేడా ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న తేడాకే 'నయా పైసా' అని కొత్త పేరు కొట్టించి, జనం పాతదాన్ని మరిచిపోయాక, 1964 జూన్ 1న గానీ 'నయా' తీసేయలేదు. బీఐపీ 177 మాత్రం ఏ 'నయా' లేకుండా, పది కోట్ల రెట్ల తేడా ఉన్న రెండు మొత్తాలకు ఒకే పేరు పెట్టమంటోంది. పాత రసీదులు, పాత వీలునామాలు, 'రెండు బిట్‌కాయిన్లు ఇస్తాను' అని రాసుకున్న పాత ఒప్పందాలు ఏ లెక్కలో చదవాలి? ఆ ప్రతిపాదన చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. ప్రోగ్రాం లోపల నిజంగా ఉన్నది ఆ పూర్ణ సంఖ్యలే కదా, దాన్నే అసలు పేరుతో పిలుద్దామంటారు. కానీ కంప్యూటర్‌కు అర్థమైన నిజం బజారుకు అర్థం కావాలని లేదు.

వాళ్ల భయంలో మాత్రం నిజముంది. 'ఒక బిట్‌కాయిన్ కోటి' అని వినగానే చాలామంది అది మనకు అందేది కాదనుకుని వెనక్కి తగ్గుతారు. చిన్న ముక్క కొనుక్కోవచ్చన్న సంగతే తట్టదు. అదే సమయంలో పైసలో ఎన్నో వంతు ధర పలికే ఏదో నాణేన్ని లక్షల సంఖ్యలో కొని, 'నా దగ్గర ఐదు లక్షల కాయిన్లున్నాయి' అని సంతోషపడతారు. షేర్ మార్కెట్లోనూ ఈ జబ్బుంది. 2023 జూన్‌లో ఎంఆర్‌ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటినప్పుడు చాలామందికి అది ఖరీదైన కంపెనీలా కనిపించింది. నిజానికి షేరు ధర ఒక్కటే చూసి కంపెనీ ఖరీదో చవకో చెప్పలేం, షేర్లు ఎన్నున్నాయో కూడా చూడాలి. కాకపోతే ఎంఆర్‌ఎఫ్ షేరును మార్కెట్లో ముక్కలు చేసి కొనలేం, బిట్‌కాయిన్‌ను కొనవచ్చు.

డెల్టాలో ఈ మనస్తత్వాన్ని బాగా అర్థం చేసుకున్నవాళ్లు రియల్ ఎస్టేట్ వాళ్లే. పొలంగా ఉన్నప్పుడు ఎకరం కోటి అంటారు. పక్క నుంచి రోడ్డు పడగానే సెంటు లక్ష అంటారు. లేఅవుట్ వేసి రాళ్లు పాతాక గజం లెక్క వస్తుంది. ఎకరంలో 4,840 గజాలు కాబట్టి అదే భూమి గజం 2,066 రూపాయలు పడుతుంది. రోడ్లకు పోయింది, లాభం కలిపి గజం ఐదు వేలు చెప్పినా, ఎకరం కోటి అన్నప్పుడు నోరెళ్లబెట్టినవాడే 'ఐదు వేలేనా' అని అడ్వాన్సు ఇస్తాడు. కొలత చిన్నదైతే ధర చిన్నదిగా కనిపిస్తుంది. పేరు మార్చడంలో ఉపయోగం ఎంతుందో, మోసపోయే వీలూ అంతే ఉంది. సటోషీల్లో ధర చూపించే ప్రతి యాప్ రూపాయి విలువను కూడా పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో చూపించాలని అడగడం అందుకే న్యాయం.

ఇప్పుడు అసలు ప్రశ్న. తెలుగువాడికి సటోషీ మేలా, బిట్ మేలా?

ఇంగ్లిషు వాళ్లకు బిట్, మిల్లీబిట్ లాంటి మధ్య మెట్లు ఎందుకు కావాల్సి వచ్చాయో గమనించాలి. వాళ్ల లెక్క వెయ్యి నుంచి ఒక్క దూకులో మిలియన్‌కు వెళుతుంది. మన లెక్క వెయ్యి దాటాక వందేసి రెట్లు ఎక్కుతుంది: వెయ్యి, లక్ష, కోటి. బిట్‌కాయిన్ పేర్లను ఈ మెట్ల మీద పరిచి చూస్తే చిత్రంగా సరిపోతాయి. వంద సటోషీలు ఒక బిట్. లక్ష సటోషీలు ఒక మిల్లీబిట్. కోటి సటోషీలు బిట్‌కాయిన్‌లో పదో వంతు. పది కోట్లయితే ఒక బిట్‌కాయిన్. మధ్యలో రావాల్సిన కొత్త పేర్లు మన భాషలో అంకెల పేర్లుగా ముందే ఉన్నాయి. 0.00045 బిట్‌కాయిన్ అని రాస్తే అది ఎంతో ఎవరికీ తట్టదు. 45 వేల సటోషీలు అంటే తట్టుతుంది. మిల్లీబిట్ అన్న మాట తెలుగులో నిలవకపోవడానికి కారణం దాని పలుకు కాదు, 'లక్ష' ముందే ఆ చోట్లో కూర్చుని ఉండటం.

పెద్ద సంఖ్యలు జనాన్ని భయపెడతాయనేది డెల్టాలో ఎవరూ ఒప్పుకోని మాట. వరద వచ్చిందంటే ప్రతి ఇంట్లో టీవీ ముందు వినబడేది క్యూసెక్కులే. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అదే క్యూసెక్కు. చాలా చిన్న కొలత. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండోది, పదిహేడు లక్షలకు మూడోది. లంకల్లో ఉండే ముసలమ్మ కూడా 'పదమూడు దాటిందంటరా?' అని అడుగుతుంది. లక్షలు అన్న మాట కూడా అనదు, అది మనసులో ఉంటుంది. కొలత ఎంత చిన్నదైనా దానికి లక్షలు తగిలించుకుని, ఆ పైన లక్షలను కూడా వదిలేసి హాయిగా మాట్లాడగలిగారు. భయపెట్టేది పెద్ద సంఖ్య కాదు, చుక్క తర్వాత వరసగా నిలబడ్డ సున్నాలు. పది లక్షల క్యూసెక్కుల బదులు 'సెకనుకు 0.001 టీఎంసీ' అని చెబితే ఆ ముసలమ్మ టీవీ కట్టేస్తుంది.

భీమవరం చెరువుల వైపు వెళితే ఇంకో పాఠం దొరుకుతుంది. రొయ్యల ధర కౌంట్ మీద చెబుతారు. వంద కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు, ముప్పై కౌంట్ అంటే కిలోకు ముప్పై. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. తలకిందులుగా నడిచే ఈ కొలతను చెరువు గట్టు మీద కాపలా ఉండే కుర్రాడు కూడా తడుముకోకుండా వాడతాడు. బిట్‌కాయిన్ ధరను కూడా ఇలా చెప్పుకోవచ్చు. కోటి రూపాయల దగ్గర రూపాయికి పది సటోషీలు. బిట్‌కాయిన్ రెండు కోట్లయితే రూపాయికి ఐదే. 'ఇవాళ పది కౌంట్, నిన్న పదకొండు' అంటే బిట్‌కాయిన్ పెరిగిందని రొయ్యల రైతుకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కొలత ఎటువైపు నడుస్తుందన్నది సమస్య కాదు, రోజూ నోట్లో ఆడే అంకె రెండు, మూడు అంకెల లోపు ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఎథీరియం నెట్‌వర్క్ మీద నడిచే డిజిటల్ కరెన్సీ ఈథర్ కథ దీనికే రుజువు. ఈథర్‌లో అతి చిన్న భాగం వెయి. ఒక ఈథర్‌కు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని వెయిలు. మధ్యలో జాబో, ఫిన్నీ అని పేర్లు పెట్టారు, నిక్ జాబో, హాల్ ఫిన్నీ అనే ఇద్దరు పెద్దల గౌరవార్థం. వెయి కూడా వెయ్ దాయ్ అనే ఆయన పేరు మీదే వచ్చింది. జాబో, ఫిన్నీలను ఎవరూ వాడలేదు. చివరికి 2020లో సాలిడిటీ అనే ప్రోగ్రామింగ్ భాష 0.7 వెర్షన్‌లో ఆ రెండు పేర్లనూ తీసేసింది. గిగావెయిని, అంటే వంద కోట్ల వెయిలను, కుదించిన 'గ్వెయి' మాత్రం బతికింది. లావాదేవీ రుసుము కట్టే రేటు ఎక్కువగా పది గ్వెయి, ఇరవై గ్వెయి, యాభై గ్వెయి అన్నట్టు చేతి లెక్కకు అందే సంఖ్యల్లో ఉండేది కాబట్టి. పెద్దల పేర్లు పెట్టినంత మాత్రాన కొలత బతకదు. సటోషీ బతికింది కూడా ఆయన మీద భక్తితో కాదు, అదే అన్నిటి కన్నా కింది మెట్టు, దాని కింద చుక్క ఉండదు కాబట్టి.

బిట్‌కు తెలుగులో ఇంకో చిక్కుంది. ఆ మాట ఇక్కడ ఖాళీగా లేదు. పరీక్షలో బిట్ పేపరు ఉంటుంది. 'రోడ్డు పక్కన పది సెంట్ల బిట్టు ఉంది, చూస్తారా?' అని బ్రోకరు అడుగుతాడు. పరీక్ష హాల్లో కాపీ చీటీ కూడా బిట్టే. 'ఐదొందల బిట్లు పంపాను' అంటే తండ్రి కంగారు పడే అవకాశం ఎక్కువ. సటోషీ విషయంలో ఈ గొడవ లేదు. కాకపోతే సంతోషి అని వినబడుతుంది, అంతే. పైగా తెలుగు నోటికి అచ్చుతో ముగిసే మాటే హాయి. అణా, పైసా, పావలా, దమ్మిడీ, రూపాయి అన్నీ అచ్చుతో ముగిసేవే. సటోషీలు అని బహువచనం కూడా సాఫీగా వస్తుంది. ఇంగ్లిషు వాళ్లు కుదించుకున్న 'శాట్' తెలుగులో 'శాట్లు' అవుతుంది, పర్లేదు కానీ అందంగా లేదు.

పూర్తిగా తెలుగు పేరు పెట్టుకుందాం అనేవాళ్లూ ఉంటారు. గవ్వ అందామా? 'చేతిలో చిల్లిగవ్వ లేదు' అన్న సామెత దాన్ని పుట్టకముందే దివాలా తీయిస్తుంది. కాసు బంగారం వాళ్లది. దమ్మిడీకి విలువ లేనిదన్న అర్థం స్థిరపడిపోయింది. సంస్కృతంలో కొత్త మాట కట్టుకుంటే ధూమశకటానికి పట్టిన గతే పడుతుంది, జనం రైలు ఎక్కి వెళ్లిపోతారు.

ఇన్ని చెప్పుకున్నా, టీ కొట్టులో సటోషీలు ఇవ్వడం మన దేశంలో ఇవాళ ఊహే. 2020 మార్చిలో సుప్రీంకోర్టు క్రిప్టో వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపేయమన్న రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను కొట్టేసింది, అయినా క్రిప్టో చట్టబద్ధమైన నగదు కాలేదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి బదిలీ మీద ఒక శాతం టీడీఎస్ ఉన్నాయి. టీ తాగి బిట్‌కాయిన్ ఇస్తే అది ఆస్తి అమ్మకం కిందికి వస్తుంది. పేర్ల అవసరం ఇక్కడ ముందుగా వచ్చేది పన్ను కాగితాల్లోనే. చుక్క తర్వాత ఎనిమిది అంకెలతో నిండిన పట్టికను ఆడిటర్ ముందు పెట్టినప్పుడు ఒక సున్నా అటూ ఇటూ అయితే పన్ను పదింతలు తప్పుతుంది. ఆ పట్టికలో మొత్తాలు సటోషీల్లో, లక్షలను, కోట్లను విడదీసే కామాలతో ఉంటే తప్పు కంటికి వెంటనే కనిపిస్తుంది.

రిజర్వు బ్యాంకు తన సొంత డిజిటల్ రూపాయికి ఈ తలనొప్పే పెట్టుకోలేదు. 2022 డిసెంబరు 1న మొదలైన రిటైల్ ప్రయోగంలో ఈ-రూపాయిని నోట్లు, నాణేలు ఏ విలువల్లో ఉన్నాయో ఆ విలువల్లోనే విడుదల చేశారు. కొత్త పేరు లేదు, కొత్త భాగహారం లేదు. వాళ్లకు అది సాధ్యం, ఎందుకంటే ఈ-రూపాయి ధర రూపాయే, రేపైనా ఎల్లుండైనా అంతే.

బిట్‌కాయిన్‌కు ఆ వెసులుబాటు లేదు. కొలత పేరు ఎంత చక్కగా పెట్టుకున్నా ధర కదిలితే ఆ పేరు రోజువారీ లెక్కకు దూరమవుతుంది. మనం అనుకున్న కోటి దగ్గర సటోషీ పది పైసలు, బిట్ పది రూపాయలు. ఈ ధర దగ్గర బిట్ నిజానికి టీ గ్లాసుకు సరిగ్గా సరిపోయే కొలత, ఒప్పుకోవాలి. బిట్‌కాయిన్ పది కోట్లయితే సటోషీ రూపాయి అవుతుంది, బిట్ వంద రూపాయల నోటవుతుంది. అప్పుడు రూపాయి కన్నా తక్కువ చిల్లరకు సటోషీ కూడా సరిపోదు. బిట్‌కాయిన్ చిన్న చెల్లింపులను వేగంగా జరిపే లైట్నింగ్ నెట్‌వర్క్‌లో ఇప్పటికే సటోషీలో వెయ్యో వంతును మిల్లీసటోషీ పేరుతో లెక్కల్లో రాస్తున్నారు. బిట్‌కాయిన్ అసలు పద్దు అయిన బ్లాక్‌చెయిన్ మీద మాత్రం దాన్ని విడిగా చెల్లించే వీలు లేదు. దశాంశ నాణేలు రాకముందు అంగడి పద్దుల్లో అణాలు, కానులు దాటి దమ్మిడీల దాకా రాసేవారు. దమ్మిడీ నాణెం దొరక్కపోతే చివర్లో సరిచేసుకునేవారు. మిల్లీసటోషీ ఇవాళ అలాంటి పద్దు చిల్లరే. బయటికి ఇచ్చిపుచ్చుకునే రోజు వస్తే దానికి ఏదో ఒక పేరు పెట్టక తప్పదు, అప్పటికి జనం నోట్లో ఏ మాట ఆడుతుంటే అదే పెడతారు.